మాడున ఆముదం

కాకినాడలో ఇప్పుడు బట్టతల వెతికినా దొరకదు. ఎవరి నెత్తిన చూసినా జుట్టు మొలిపించే ఎర్రకాంతి టోపీయే.

హిమబిందు కూడా ముచ్చటపడి మొగుడు చైతన్యకి ఒకటి కొంది. నూనె తగిలితే కాంతి దిగదంటూ అది కుయ్యోమనేది. దాంతో శనివారం తలంటికి ముందు అతని బోడి మాడున ఆముదం అద్దే ఆమె అలవాటు కాస్తా ఆగిపోయింది.

నెలలు గడిచినా వెంట్రుక మొలవలేదు. ఇవాళ బట్టలు ఆరేయబోతే, బాల్కనీలో గుబురుగా పెరిగిన కరివేపాకు మొక్క నెత్తిన టోపీ వెలుగుతోంది.

"ఇదేం చోద్యమండీ! జుట్టు వద్దా మీకు?"

"జుట్టొచ్చేస్తే ఇంక ఆముదం పెట్టవు కదే," అన్నాడు చైతన్య తలొంచుకుని.

ఆమె అతన్ని పీట మీద కూర్చోబెట్టి, మాడున ఆముదం అద్దింది. ఆ జిడ్డు చేత్తోనే మొక్క మీద టోపీని సర్దింది.

టోపీ కుయ్యోమంది.

"ఏడవనీండి దాన్ని," అంటూ హిమబిందు మళ్లీ గిన్నెలో వేళ్లు ముంచింది.