పైకి చూసే పిల్ల

“బాపుకు ఆకలైతుందట,” అంది శ్రావణి, పైకి చూస్తూ.

జగిత్యాలలోని ఆ పళ్ల దవాఖానలో వంతు కోసం కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారే తలెత్తారు. పైన తిరుగుతున్న ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఒకామె లేచి దూరంగా వెళ్లి కూర్చుంది.

“నోరు మూసుకోవే!” అని సుమిత్ర కూతుర్ని దగ్గరికి లాక్కుంది. గాజులు లేని చేత్తో పిల్ల నోరు మూసింది.

ఆరేళ్ల పిల్లకు ఏడాదిగా రెండు దవడలూ ఉబ్బాయి. బుగ్గలు సాగి, కనుపాపల కింద తెల్లగుడ్డు బయటపడి, ఎటు తిరిగినా ఆకాశంకేసి చూస్తున్నట్టే ఉంటుంది. ఇక మల్యాల పక్కనున్న వాళ్ల ఊళ్లో జనానికి వేరే పనేముంది? సౌదీలో చచ్చిపోయిన తండ్రి పోశం పిల్లను పైకి పిలుస్తున్నాడని తేల్చేశారు. సుమిత్ర అత్త సమ్మవ్వ తాయెత్తు కట్టించింది, మూడు అమావాస్యలు దిష్టి తీసింది. సుమిత్ర భయం వేరు. క్యాన్సరైతే? ఆమెకు మిగిలింది ఈ ఒక్కతే.

లోపల అత్తాకోడళ్ల ముందు డాక్టర్ కల్పన రిపోర్టు తిప్పి చూసి, “భయపడకమ్మా, క్యాన్సర్ కాదు,” అంది.

సుమిత్ర అక్కడే కూలబడి ఏడ్చేసింది.

“దవడ ఎముకల పెద్ద పెద్ద కణాలు గుంపుగ చేరినయ్. జెయింట్ సెల్స్ అంటం. ముక్క తీసి చూసినం, రక్తంల కాల్షియం కూడ సరిగనే ఉంది. ఇది వేరే దిక్కు పాకదు, ప్రాణం తియ్యదు. వయసొస్తే వాపు దానంతటదే తగ్గుతది. ఎనక పళ్లు మాత్రం రాకపోవచ్చు.”

“మరి చూపు పైకెందుకు పోతుంది మేడం?”

“లోపలి ఎముక ఉబ్బి కంటిని పైకి నెడుతుంది. దయ్యం లేదు, గియ్యం లేదు. రెండు దిక్కులా ఒక్కతీరుగ వచ్చిందంటే ఇది రక్తంల దిగేది. మీ ఇంట్ల ఎవరికన్న ఉండెనా?”

సమ్మవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. “నా కొడుక్కు గిట్లనే ఉండె! బూరెబుగ్గలోడా అని పిలుస్తుండిరి. మీసాలొచ్చినంక తగ్గింది. ఎనక పళ్లు ఒక్కటి మొలవలే. సకినాలు సుత చాయల నానేసుకొని తింటుండె. గీ పిల్ల మొఖం అచ్చం వాని లెక్కనే అయితుంటే వాడే పట్టిండనుకున్న మేడం!”

“ఇంకేం, అదే ఇది.”

సుమిత్రకు ఏడుపులోనే నవ్వొచ్చింది. అబ్బ, ఎన్నాళ్లకు!

“ఆయన ఎక్స్‌రే ఏమన్న ఉంటే పక్కపక్కన పెట్టి చూద్దును,” అంది డాక్టర్.

“ఉన్నది!” అంటూ సమ్మవ్వ సంచిలోంచి తువ్వాలు మూట తీసింది.

పోశం ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు శ్రావణి తల్లి ఒళ్లోనే ఉంది. “కఫీలు కాడికెల్లి పారిపోయిన. పాస్‌పోర్టు ఆడనే ఉంది. ఆకలైతుంది,” అన్నాడు. కఫీలంటే అక్కడి యజమాని. ఆ తర్వాత ఫోన్ లేదు. నాలుగు నెలలకు పెట్టె వచ్చింది. బండి ప్రమాదంలో కాలిపోయాడట, కఫీలు దగ్గరున్న పాస్‌పోర్టు చూసి పేరు రాశారట, మొహం చూడొద్దన్నారు. తెరవకుండానే పూడ్చిపెట్టారు. కాగితాలతో పాటు వచ్చింది ఈ నల్లటి ఫిల్మ్, చనిపోయాక తలకు తీసిన ఎక్స్‌రే. కొడుకు మొహమంటూ మిగిలింది ఇదేనని సమ్మవ్వ రోజూ దాని ముందు దీపం పెడుతుంది. “గీయనే మీ బాపు, మొక్కు బిడ్డా” అంటే, శ్రావణి “గీయన కాదు” అనేది. పిల్లకు గాలి సోకిందని సమ్మవ్వ గట్టిగా నమ్మింది అప్పుడే.

డాక్టర్ ఫిల్మ్‌ను లైటుకు తగిలించింది. సమ్మవ్వ అలవాటుగా చేతులు జోడించింది.

“దీని మీదున్న పేరు మీ ఆయనదే కదా?”

“ఔ మేడం,” అంది సుమిత్ర.

డాక్టర్ పెన్ను మొనతో ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టింది. ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

“బాపుకు ఆకలైతుంది, అమ్మా,” అంది శ్రావణి.

ఫిల్మ్‌లోని మనిషికి ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి.