నీటిబూజు ఎవరి తాలూకు

చెరువులోకి కూలిన మునగ మొద్దు మీద పుట్టగొడుగు తన వాళ్లందరితో విందుకు కూర్చుంది. నీళ్లలో నానుతున్న కొస నుంచి ఒక నీటిబూజు తెల్లటి దారాలు సాచుకుంటూ పైకొచ్చి, బంతి చివర కాస్త చోటడిగింది.

"ఎవరి తాలూకు?" అంది పుట్టగొడుగు, గొడుగైనా ఎత్తకుండా.

"మీ తాలూకే పిన్నీ. నాకూ దారాలున్నాయి. నేనూ కుళ్లిందే తింటాను."

"దారాలున్న వాళ్లంతా మా వాళ్లయితే సాలీడుకి కూడా విస్తరి వెయ్యాలి. నీ పిల్లలు తోకలాడిస్తూ ఈదుతారట. ఈతలు మా ఇంటా వంటా లేవు. పీతగారూ, మీరే తేల్చండి."

చెరువులో ఏ తగువొచ్చినా పీత గిల్లి, రుచి చూసి తేల్చేవాడు. నీటిబూజు ఒంటి పొరని గిల్లి చప్పరించాడు.

"ఇది ఆకుల్లో ఉండే పీచు. ఈ పిల్ల సముద్రపు నాచు వాళ్ల వైపు. మీకేం కాదు."

పుట్టగొడుగు మరింత నిక్కింది. పీత అలవాటు కొద్దీ దాన్నీ గిల్లాడు. చప్పరించి ఆగాడు. తన డిప్పని ఓసారి నాకి చూసుకున్నాడు.

"ఇది మా డిప్ప సరుకే. ఇన్నాళ్లూ చెప్పలేదేం చెల్లెమ్మా?"

పుట్టగొడుగు నోరు తెరిచేలోపే బురదలోకి తిరిగి కేకేశాడు. "ఒరేయ్, అందరూ పైకి రండి. మీ మేనత్త ఇంట్లో భోజనాలు."

సాయంత్రానికి మొద్దు మీద విందూ లేదు, మేనత్తా లేదు. నీళ్లలోని కొస దగ్గర నీటిబూజు ఒక్కతే తీరిగ్గా తింటోంది. అటుగా వచ్చిన నత్త అడిగింది, "నువ్వెవరి తాలూకమ్మా?"

"ఎవరి తాలూకూ కాదు బాబూ," అంది నీటిబూజు, నమలడం ఆపకుండా.