నత్త తోమని అద్దం

ఒక గాజుతొట్టిలో ముసలి నత్త కాపురం ఉండేది. అద్దాలకు పట్టిన పాచిని తోమడంలో దానికి సాటి లేదు. ఒకరోజు వెనక అద్దం తళతళలాడేలా తోమగానే, తొట్టిలోని ఫైటర్ చేప కస్సుమని లేచింది.

“అవ్వా, ఎవడో మన తొట్టిలోకి వచ్చాడు!”

“అది నీ నీడే నాయనా,” అని నత్త ఎంత మొత్తుకున్నా వినలేదు. తిండి మానేసి అద్దాన్ని ఢీకొట్టింది. రెక్కలు పీలికలయ్యాయి.

తన పనితనమే బిడ్డ ప్రాణం మీదికి తెచ్చిందని నత్త కుమిలిపోయింది. మళ్లీ ఆ అద్దం జోలికి పోలేదు. పాచి మెల్లగా కమ్ముకుంది. శత్రువు రోజురోజుకీ మసకబారి, చివరికి మాయమయ్యాడు.

కోలుకున్న చేప రొమ్ము విరుచుకుంది. “చావుకు తెగించి వాణ్ణి తరిమేశాను. నువ్వు ఆ పాచైనా తోమలేవా అవ్వా?”

“ముసలిదాన్నయ్యాను నాయనా,” అంది నత్త.