ముప్పై రెండు మెట్లు

కుక్క నాలుగో మెట్టు మీద ఆగిపోయింది.

నల్లటి రాట్‌వీలర్, దూడంత ఉంది. ఇంకో మెట్టు ఎక్కాలంటే కాళ్లు వణుకుతున్నాయి.

"దా బొగ్గూ, ఇంకొక్కటి," అంటున్నాడు ముత్యం, దాని పొట్ట కింద చెయ్యి పెట్టి.

రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తున్న భూపాల్ గోడకు ఒదిగి నిలబడ్డాడు.

"కింద ఇల్లున్నోనికి పైన ఏం పనే అన్నా?"

"ఏం లేదు తమ్మీ. అలవాటైతదని."

"ఏం అలవాటు? మనుషుల మీద పడే అలవాటా?"

ముత్యం నవ్వి, కుక్కను ఇంకో మెట్టు ఎక్కించాడు. మాట తక్కువ మనిషి.

మందమర్రి బొగ్గుగని నుంచి గోదావరిఖనికి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. సర్వీసు ఎక్కువ కాబట్టి వచ్చీ రాగానే కింది క్వార్టరు దొరికింది.

ఆ కింది క్వార్టరు కోసం భూపాల్ ఆరేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నాడు.

అతనుండేది రెండో అంతస్తు. తల్లి ఐలవ్వకు మోకాళ్లు అరిగిపోయాయి. దవాఖానకు పోవాలంటే కొడుకు వీపు మీద ముప్పై రెండు మెట్లు దిగాలి. ఈ ఏడాదిలో ఆమె నేల తొక్కింది మూడుసార్లు.

కింద ముత్యం ఒక్కడే. ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా, ఒక జామచెట్టు. దాని నీడలో కుక్క కాళ్లు చాపుకుని పడుకునేది. పైనుంచి చూసినప్పుడల్లా భూపాల్‌కు కడుపు మండేది.

"మా అవ్వకు లేని జాగ కుక్కకు దొరికింది," అనేవాడు భార్య శోభతో.

అంతకన్నా మండించేది ఇంకొకటి ఉంది. కుక్క ఎలాగో పైదాకా రాగానే ఐలవ్వ గడపలో కూర్చుని, జొన్నరొట్టె తుంచి దాని నోట్లో పెట్టేది.

"నాకు ఎన్నడన్న గిట్ల తినిపిచ్చినవా అవ్వా?"

"నువ్వు నోట్లె పండ్లు రాంగనే గుంజుకొని తిన్నవు కొడుకా. ఇదన్న పెట్టేదాక ఆగుతది."

శోభ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భూపాల్ ఆ పూట రొట్టె తినలేదు.

ఆ వారమే చాయ్ హోటల్లో కుక్కల ముచ్చట వచ్చింది. ప్రమాదకరమైన జాతుల కుక్కలను ఇక పెంచనివ్వొద్దని, ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని ఢిల్లీ నుంచి లేఖ వచ్చిందట.

"జాతిల ఏమున్నది, పెంచుడుల ఉంటది," అన్నాడొకడు.

"కరిచినంక పెంచినోడు అచ్చి సూది ఏయించుకుంటడా?" అన్నాడు తోటి కార్మికుడు జైపాల్.

"రాట్‌వీలర్ ఉన్నదా అండ్ల?" అని అడిగాడు భూపాల్.

"ఉన్నది."

భూపాల్ అందరికీ ఇంకో చాయ్ చెప్పాడు.

మర్నాడు ముత్యం తలుపు కొట్టాడు. పక్కన కుక్క. చేతిలో మడత పెట్టిన కాగితం.

"నీ సంతకం ఒకటి కావాలె తమ్మీ."

భూపాల్‌కు అర్థమైపోయింది. కుక్కను ఉంచుకోవడానికి ఇరుగుపొరుగు ఒప్పుకోలు అడుగుతున్నాడు.

"నా సంతకం దొరకది. వేరే తలుపు కొట్టుకో."

"ఒక్కసారి సదివి సూడు..."

"సదివేదేం లేదు."

తలుపు వేసేశాడు.

"దానికి రొట్టె పెట్టకపోతిమి గదరా," అంది లోపలినుంచి ఐలవ్వ.

ఆదివారం భూపాలే ఒక అర్జీ రాశాడు. 'ముత్యం ప్రతిరోజూ పొద్దున తన ప్రమాదకరమైన కుక్కను మెట్ల మీదుగా రెండో అంతస్తు దాకా తెచ్చి మమ్మల్ని భయపెడుతున్నాడు.' కింద పదకొండు ఇళ్లవాళ్ల సంతకాలు. శోభను అడిగితే చెయ్యి పిండిలో ఉందంది.

క్వార్టర్ల ఆఫీసులో ముత్యం, కుక్కకు ఎప్పుడో ఆపరేషన్ అయిన కాగితం చూపించాడట. టీకాల కాగితాలూ పెట్టాడట. అయినా పదకొండు ఇళ్లు వద్దంటున్నాయి కాబట్టి, కుక్కో క్వార్టరో తేల్చుకోమన్నారు.

ముత్యం వాదించలేదు. క్వార్టరు వదులుకున్నట్టు రాసిచ్చి, బసంత్‌నగర్ దగ్గర రేకుల గది ఒకటి చూసుకున్నాడు.

సామాను ట్రాలీ ఆటోకు ఎక్కించే వేళ కుక్క గొలుసు విడిపించుకుని పరుగెత్తింది. ముప్పై రెండు మెట్లూ ఎక్కడా ఆగకుండా ఎక్కి, గడపలో ఐలవ్వ ముందు కూర్చుంది.

దాని వెనకే ముత్యం ఆయాసపడుతూ వచ్చాడు.

"నేర్సుకున్నది," అన్నాడు కుక్కను చూస్తూ.

రొట్టె తినడం అయ్యేదాకా నిలబడ్డాడు.

"పోయొస్త అవ్వా."

భూపాల్ లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

మూడో రోజు కొత్త దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. క్లర్కు కామేశ్వరరావు రిజిస్టరు తిప్పి చూశాడు.

"ఖాళీ అయిన క్వార్టరు సర్వీసు వరసలో వెళ్తుందండీ. మీ ముందు నలభై రెండు మంది ఉన్నారు."

"మా అవ్వ మెట్లు దిగలేదు సార్."

"తెలుసండీ. ముత్యం రాశాడుగా."

"ముత్యం రాసుడేంది?"

కామేశ్వరరావు ఒక ఫైలు తీశాడు.

"ఇద్దరూ ఒప్పుకుని ఇళ్లు మార్చుకుంటే వరసతో పని లేదు. మీ సంతకం కోసం నకలు కూడా ఇచ్చి పంపాను. ఎందుకు పెట్టలేదండీ? ఆయన ఇల్లు వదిలేశాక ఇప్పుడిది చెల్లదు."

భూపాల్ కాగితం అందుకున్నాడు. పైన తేదీ చూశాడు. కుక్కల వార్త రావడానికి నెల ముందుది.

గుండ్రటి అక్షరాలు. ఉన్నవి మూడే వాక్యాలు.

'పై ఇంట్లో ఉన్న ఐలవ్వ గారు మెట్లు దిగలేరు. కావున నా ఇల్లు వారికి ఇచ్చి, వారి ఇల్లు నాకు ఇవ్వగలరు. నా కుక్కకు మెట్లు ఎక్కడం రాదు, అయినా రోజూ కొంచెం కొంచెం నేర్పుకుంటాను.'