బెంచీ మీద గురక

పశువుల ఆసుపత్రి వరండాలో ఎవరో బెంచీ మీద పడి గురక పెడుతున్నారు.

ఆ గురకకి, ఇంజక్షన్ కోసం వచ్చిన కుక్క బెదిరి యజమాని ఒళ్లోకెక్కి కూర్చుంది.

లోపల డాక్టరమ్మకి అసలే మనసు మనసులో లేదు. సాయంత్రం కూతురి స్కూల్లో నాటకం. పిల్లది అందులో ఆవు వేషం.

"ఊళ్లో ఆవులన్నిటికోసం పరిగెడతావు. ఈ ఆవుకోసం ఒక్కసారి రాలేవా అమ్మా?" అని పొద్దున్నే కడిగేసింది.

ఈసారి తప్పకుండా వస్తానని ఒట్టేసింది డాక్టరమ్మ. ఆరింటికి ఆమె డ్యూటీ అయిపోతుంది. కాకపోతే ఆసుపత్రిలో రాత్రీ పగలూ ఒక డాక్టరు ఉండి తీరాలి. పై ఊరి నుంచి ఎవరో కొత్తాయన వస్తున్నాడు. ఆయన వచ్చాకే ఈమె కదలాలి.

గురక ఇంకా పెరిగింది.

డాక్టరమ్మ విసవిసా బయటికొచ్చింది. బెంచీ మీదవాడికి మోకాళ్లదాకా బురద, చొక్కానిండా గేదె వెంట్రుకలు. ఎవరో పశువుల కాపరి అనుకుంది.

"ఏమయ్యా, నీ గేదె ఏదీ?"

గురకే జవాబు. భుజం పట్టి కుదిపింది.

అతను ఒక కన్ను తెరిచి గోడ గడియారం చూశాడు.

"అయ్యో, లేపేశారా!" అన్నాడు, కొంప మునిగినట్టు.

"లేపక, జోల పాడమంటావా? ఇదేమన్నా సత్రమా?"

"అది కాదమ్మా, ఆరింటిదాకా నన్ను..."

"ఆరూ లేదు, ఏడూ లేదు. పశువు లేనివాళ్లకి ఇక్కడ చోటు లేదు. లే!"

అతను ఆవులిస్తూ సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కుక్క ఒళ్లోంచి దిగింది.

"పీడా పోయింది," అంది డాక్టరమ్మ కాంపౌండరుతో.

ఆరయింది. డాక్టరమ్మ తల దువ్వుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. కొత్తాయన జాడ లేదు.

ఫోన్ మోగింది.

"అమ్మా, నాకు కొమ్ములు కూడా పెట్టేశారు. ఎక్కడున్నావు?"

"దార్లో ఉన్నానే తల్లీ," అంది గుమ్మంలోనే నిలబడి. అబద్ధమాడినందుకు ప్రాణం ఉసూరుమంది.

వెంటనే పై ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీరు పంపిన డాక్టరుగారు ఏ లోకంలో ఉన్నారు?"

గుమాస్తా నసిగాడు.

"మధ్యాహ్నమే వచ్చారమ్మా. రాత్రంతా ఈనలేని గేదెతో అవస్థపడి, బస్సు దిగి, మీ వరండాలోనే నడుం వాల్చారట. ఎవరో మహాతల్లి కుదిపి లేపేసిందట."

"అయితే?"

"అయితే ఏముందమ్మా, డ్యూటీల మధ్య డాక్టర్ని నిద్రలేపితే పన్నెండు గంటల విశ్రాంతి మళ్లీ మొదట్నుంచీ ఇవ్వాలని మీరే పోట్లాడి రూలు పెట్టించారుగా... లాడ్జిలో పడుకున్నారు, తెల్లారేదాకా లేపకూడదు."