పోస్టమ్మాయికి సాయం

ఇలా దగ్గరికి జరగండి, ఆ తలుపు కాస్త ఓరగా వేసి మరీ రండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

"అత్తయ్యా, ఆ చెప్పులు పక్కవాటా వాళ్లవి. మీరెందుకు తీస్తున్నారు?" అంది కోడలు, మెట్ల మీద నిలబడి.

"ఎవరివైతేనేం? రెండు చేతుల నిండా పార్సిళ్లతో ఎక్కే పిల్లకి కాలికింద ఏముందో కనబడుతుందా?" అంది అత్తగారు.

సెలవుల రోజులు. ఊరంతా ఒకరికొకరు కానుకలు పంపుకునే కాలం. పోస్టమ్మాయి బండి మీద మూటలు ఆమె తలకంటే ఎత్తుగా కనిపించేవి. అది చూసి అత్తగారి మనసు ఊరుకోలేదు. మెట్ల మీద దీపం పగలు కూడా వేసి ఉంచింది. కరిచే కుక్కని కట్టేయించింది. తలుపుల మీద చెరిగిపోయిన నంబర్లన్నీ సున్నంతో మళ్లీ రాసింది.

గేటు దగ్గర వరసగా తాళాల్లేని రేకు పెట్టెలు. ఒకరోజు పొద్దున్నే ఊడుస్తూ కింది వాటా పెట్టె మూత ఎత్తి చూసింది. నిన్నటి ఉత్తరాలు అలాగే ఉన్నాయి.

ఆ కింది వాటాలో ఉండేది ఆవిడ సొంత అన్నగారు. ఒంటి మనిషి, మోకాళ్లు సరిగా లేవు. అంతకు కొన్నాళ్ల ముందే ఇద్దరికీ మాటలు పోయాయి. ఆయన మందుల డబ్బా ఈవిడ సర్దిపెట్టిందని, "నీకు ప్రతిదాంట్లో వేలు పెట్టే జబ్బే!" అని అందరి ముందూ అరిచాడు. ఈవిడ ముఖం మాడ్చుకుని పైకి వచ్చేసింది.

"మొండిఘటం. పెట్టె ఇలా కుక్కి ఉంటే ఆ పిల్ల కొత్తవి ఎక్కడ పెడుతుంది?" అని గొణుక్కుంటూ ఉత్తరాలన్నీ తీసి కొంగులో వేసుకుంది.

"మీ అన్నయ్యగారివి మనమెందుకు తేవడం? తలుపు తట్టి ఇచ్చేయొచ్చుగా," అంది కోడలు.

"పెద్దవాడు, తిట్టినవాడు, ఆయనే రావాలి. చూస్తూండు, ఉత్తరాలేవని కుంటుకుంటూ మెట్లెక్కుతాడు. నాలుగు తిట్లు తిడతాడు. తిడితే మాటలు కలిసినట్టే!"

"ఒంట్లో బాగుందో లేదో?"

"రేడియో వినబడటంలా? చెవులు చిల్లులు పడేలా పెట్టాడు, నా మీద కోపంతోనే."

నిజమే, రేడియో మోగుతూనే ఉంది.

ఇక రోజూ అదే పని. పోస్టు వచ్చే వేళకి ముందే దిగి, ఆయన పెట్టె ఖాళీ చేసి, తుడిచి మరీ పైకి వచ్చేది. పోస్టమ్మాయి వచ్చి, మిగతా పెట్టెల్లో గబగబా వేసేసినా, అన్నగారి పెట్టె మాత్రం మూత ఎత్తి లోపలికి తొంగి చూసేది. ఖాళీగా కనబడగానే ముఖం తేటపడేది. ఆ తేటదనం చూసి కిటికీలోంచి అత్తగారు మురిసిపోయేది.

"కింది వాటా తాతగారు కులాసాయేనామ్మా?" అని ఒకసారి అడిగింది పోస్టమ్మాయి.

"ఆయనకేం, రాయిలా ఉన్నాడు!"

"అవునులెండి, తెలుస్తూనే ఉంది," అని నవ్వి, బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

అన్నగారు మెట్లెక్కలేదు. సెలవులు ముగిశాక ఈవిడ పట్టుదలే కరిగింది. ఉత్తరాలన్నీ కట్టగట్టి, కోడల్ని వెంటబెట్టుకుని దిగింది. "ఎలాగూ తిట్లు తినేది నేనేగా," అంటూ తలుపు తట్టింది. పలకలేదు. లోపలి గడియ.

గడియ విరగ్గొట్టించారు.

స్నానాలగదిలో ఉన్నాడాయన, తుంటి విరిగి. చేతికందేంత దూరంలో బకెట్, అడుగున కాసిని నీళ్లు. డాక్టరు వచ్చి చూసి, మెల్లగా చెప్పాడు: "పడి చాలా రోజులైంది. పోయింది మాత్రం నిన్న రాత్రే. పిలిచే ఉంటారు, రేడియో హోరులో మీకు వినబడలేదు."

అత్తగారు గోడకి చేరబడింది. చేతిలో కట్ట అలాగే ఉంది.

అప్పుడే పోస్టమ్మాయి గేటులోకి వచ్చింది. జనాన్ని చూసి బండి వదిలేసి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో కూలబడింది. "నిన్నటిదాకా రోజూ చూశానే! తాతగారు నాకు అప్పజెప్పిన పని అదొక్కటే!" అని తల బాదుకుంది. ఆ మాటకి అత్తగారు, "ఏం పని తల్లీ?" అని అడిగింది.

నేను పోయాక ఈ కథ మీరు మీ పిల్లలకి చెప్పాలి. మధ్యలో ఏది మరిచినా ఫరవాలేదు కానీ, ఆ అమ్మాయి ఇచ్చిన జవాబు మాత్రం గుర్తుపెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పండి.

"పెట్టెలో నిన్నటి ఉత్తరం కనబడితే తలుపు పగలగొట్టి రమ్మన్నారమ్మా."