పాసవ్వని కోడలు

ఆదివారం పొద్దున కోడలు చెప్పులు వేసుకోగానే ఆ ఇంట్లో ముగ్గురికి ఒకేసారి ఒంట్లో బాగుండదు.

మొగుడికి తల పట్టేస్తుంది. మరిదికి నడుం పట్టేస్తుంది. ఆడపడుచుకి ఏం పట్టేసిందో ఇంకా తేలలేదు గాని, మొత్తానికి దుప్పటి లోంచి చెయ్యి బయటికి రాదు. అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డాక ఆ కొంపలో ఆరోగ్యంగా మిగిలింది కోడలు ఒక్కతే. అందుకే సేవంతా ఆమెకే అప్పజెప్పారు. న్యాయమే కదా!

"మళ్ళీ క్లాసా?" అన్నాడు మొగుడు, కణతలు నొక్కుకుంటూ.

"అవునండీ."

"మనిషిని అటు నుంచి ఇటు తిప్పడానికి ఎన్నాళ్ళు నేర్చుకుంటావే? పక్కవీధి ముసలాయన కూడా ఒక్క దెబ్బకి పాసైపోయాడు. నీదేమో వానాకాలం చదువు."

ఆమె తల దించుకుంది.

మంచాన పడినవాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఆస్పత్రి వాళ్ళు శిక్షణ పెట్టారు. పుండ్లు పడకుండా ఎలా తిప్పాలి, పొలమారకుండా ఎలా తినిపించాలి, నడుం విరగ్గొట్టుకోకుండా మనిషిని ఎలా లేపాలి, అన్నీ నేర్పుతారు. శనివారం అసలు క్లాసు. చివర్లో పరీక్ష. పాసైనవాళ్ళు ఇంక రానక్కర్లేదు. తప్పినవాళ్ళకి మాత్రం ఆదివారం మధ్యాహ్నం దాకా ప్రత్యేక క్లాసు. ఈవిడ తప్పింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. ఇంట్లో పగలూ రాత్రీ చేసే పనే, పరీక్షలో చెయ్యమంటే చేతకాలేదు.

"వదినా, బొమ్మని తిప్పమన్నా తప్పావట కదా," అన్నాడు మరిది సోఫాలో పొర్లుతూ. తల్లిని ఒక్కసారి కూడా తిప్పి ఎరగడు గాని, వదినకి రాదన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

"నువ్వెళ్ళిపోతే అమ్మని ఎవరు చూస్తారు?" దుప్పటి అడిగింది, ఆడపడుచు గొంతుతో.

అమ్మంటే ముగ్గురికీ ప్రాణం. ప్రాణం కదా, ముట్టుకోవాలంటే భయం.

"ఇంక చాల్లే," అన్నాడు మొగుడు. "నీకు రాదని తేలిపోయిందిగా. ఇవాళ్టితో బంద్. ఆ టీచరమ్మకి నేనే చెప్తాను."

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. వారమంతా ఆమె ఆ క్లాసు కోసమే ఎదురుచూస్తుంది. చదువు మీద అంత మోజు చిన్నప్పుడు బడికెళ్ళే రోజుల్లో కూడా లేదు. "వద్దండీ, ఏదైనా మాన్పించండి, అదొక్కటీ వద్దు," అంది. ఏడుపొక్కటే తక్కువ.

అతను వింటేనా? ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

"మీ ఆవిడా?" అంది టీచరమ్మ. రిటైరైన నర్సు. గొంతు వింటే జ్వరం కూడా అనుమతి అడిగి వస్తుంది. "నా సర్వీసులో అంత మొద్దుని చూళ్ళేదు నాయనా. మాన్పిస్తారా? సుబ్బరంగా మాన్పించండి. కాకపోతే ఇంట్లో ఎవరో ఒకరు పాసవ్వాల్సిందే. ఆవిడ బదులు మీరు రండి. రాగానే బెడ్‌పాన్ పెట్టడం నేర్పుతాను."

మొగుడి తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

"అయ్యయ్యో, మధ్యలో మాన్పించడం ఏంటి మేడమ్? చదువుకునేవాళ్ళని ఆపితే పాపం!"

"మీ తమ్ముడున్నాడుగా? పోనీ అతన్ని..."

మరిది అప్పటికే గదిలో లేడు. నడుంనొప్పి మనిషి అంత చురుగ్గా లేవడం వైద్యశాస్త్రానికే వింత.

లోపలి మంచం మీంచి అత్తగారి మాట వినపడింది. మూతి వంకర పోయాక మాట ముద్దముద్దగా వస్తుంది గాని, కోడల్ని తిట్టడానికి మాత్రం ఏ అడ్డూ రాదు.

"దానికి... ఏమీ రాదు. వీపంతా... పచ్చిపుండు చేస్తోంది. పంపండి. ఇంకా... నేర్చుకోనీ!"

"విన్నావా? అమ్మే అంటోంది," అన్నాడు మొగుడు, బరువు దిగిపోయిన గొంతుతో. "ఈసారైనా బుర్ర పెట్టి నేర్చుకో."

కోడలు కళ్ళు తుడుచుకుని పరుగులాంటి నడకతో బయటపడింది. అమ్మ బాధ్యత ఎవరిదన్న గొడవ ఆమె వీధి మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉంది.

హాలు ఆస్పత్రి వెనక వైపు. తలుపు మీద ‘సంరక్షకుల శిక్షణ. నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు. టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆలస్యమైంది. అందరూ ఎప్పుడో మొదలుపెట్టేశారు."

"ఇవాళ నిజంగానే మాన్పించేస్తారనుకున్నానండీ. ప్రాణం పోయినంత పనైంది."

"మీ అత్తగారు ఏమన్నారు?"

"నాకేమీ రాదని తిట్టారండీ. ఇంకా నేర్చుకోమన్నారు."

"చల్లని తల్లి," అంది టీచరమ్మ. "సరేగాని, ఆ ఫోను ఇటివ్వు. నా క్లాసులో ఫోను మోగిందంటే ఊరుకోను, తెలుసుగా."

ఆమె ఫోను ఇచ్చేసి, చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా లోపలికి అడుగు పెట్టింది.

టీచరమ్మ కర్టెను లాగి, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మంచం మీద దుప్పటి దులిపి ఆమెను పడుకోబెట్టింది. మిగతా మంచాల మీద, ఆ ఊళ్ళో ఎన్నిసార్లు రాసినా పాసవ్వని కోడళ్ళూ కూతుళ్ళూ భార్యలూ అప్పటికే గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.